కర్నూలు ఎండ చాలదా అంటే

"ఊరంతా ఎండ ఊరికే కాస్తాంటే, డబ్బులు కట్టి వెలుగు పోయించుకునేటోణ్ణి నిన్నొక్కణ్ణే చూస్తి బావా!" అంటాడు మా బామ్మర్ది. ఆయన మాటలోనూ న్యాయముంది. మార్చి దాటిందంటే కర్నూల్లో పగలు పదకొండుకే రాజ్‌విహార్ సెంటర్‌లో నీడ వెతుక్కోవాలి. మే నెలలో నలభై రెండు డిగ్రీలంటే మాకు అది వార్త కూడా కాదు. అట్లాంటి ఊర్లో ఉంటూ, వారానికి మూడుసార్లు స్కిన్ క్లినిక్‌కి పోయి, బట్టలిప్పి ట్యూబ్‌లైట్ల పెట్టెలో నిలబడి, కౌంటర్లో కొన్ని వందలు కట్టి వచ్చాను. డిపోలో, ఇంట్లో, చుట్టాల పెళ్లిళ్లలో అందరిదీ ఒకటే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

నేను ఆర్టీసీ కండక్టర్ని. ఎక్కువగా కర్నూలు–మంత్రాలయం రూటు. కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా రోజూ అదే దుమ్ము, అదే జనం. నాకున్నది ప్లాక్ సోరియాసిస్. మొదట మోచేతుల మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ, దానిమీద తెల్లగా మెరిసే పొట్టు. తర్వాత మోకాళ్లు, నడుము, తలలో జుట్టు కింద, చివరికి చేతివేళ్ల కణుపుల మీద. మామూలు మనిషికి పైచర్మం కొత్తగా పుట్టి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. ఈ జబ్బులో అదంతా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. ఒంటిని కాపాడాల్సిన తెల్లరక్తకణాలే (టి-కణాలంటారు) చర్మాన్ని తొందరపెడతాయి. పాత పొర రాలకముందే కొత్త పొర తోసుకొస్తుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి పేరుకుని మందం కడుతుంది. గీకితే పొట్టు లేచిపోయి కింద సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు.

కానీ ఆ చివరి ముక్క బస్సులో ఎంతమందికని చెప్పేది? ఒకసారి కోడుమూరులో ఎక్కిన ఒకామెకు టికెట్టు కొట్టి, చిల్లర ఇయ్యబోతే చెయ్యి చాపలేదు. కొంగు పట్టింది. నా వేళ్ల వంక చూడకుండా, కొంగు రెండు చేతులతో పట్టుకుని, "దీంట్లో ఎయ్యన్నా" అంది. పాపం, అవమానించాలని కాదు. ఆమెకు భయం. వేసినా. పక్క సీటాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినాక చిల్లర లెక్కలు తగ్గాయి గానీ, సున్నా టికెట్టైనా చేతికి ఇయ్యాల్సిందే, గుర్తింపు కార్డు చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. కండక్టర్ పనంతా చేతుల్లోనే ఉంది.

పూతమందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చా. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, విటమిన్-డి జాతికి చెందిన కాల్సిపోట్రయాల్. రెండు మూడు చోట్ల ఉన్నంతవరకు అవి బాగానే పనిచేస్తాయి. వీపంతా, కాళ్లంతా అయినప్పుడు ట్యూబులు ఎన్ని కొనేది, వీపుకు ఎవరు పూసేది? క్లినిక్‌లో డాక్టరమ్మ మొదట, నేను వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పెట్టమంది. బీపీకి వాడే అటెనొలాల్ చూసి, ఈ రకం మందులు కొందరిలో సోరియాసిస్‌ని రేపుతాయని చెప్పి, బీపీ డాక్టరుకు చీటీ రాసి మార్పించింది. నా అంతట నేను ఆపొద్దని కూడా గట్టిగానే చెప్పింది. తర్వాత మూడు దార్లు చూపించింది. వెలుగు చికిత్స ఒకటి, మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలు ఒకటి, బాగా ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు ఒకటి. "చర్మం మటుకే అయితే ముందు వెలుగుతో చూద్దాం. లివర్ టెస్టులూ అవీ అక్కర్లేదు" అంది.

నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న కూడా బామ్మర్దిదే. ఎండ చాలదా మేడమ్?

ఆమె చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెప్తా. ఎండలో మనకు చురుక్కుమనే వేడి మందు కాదు. కంటికి కనిపించే వెలుగూ మందు కాదు. కనపడని అతినీలలోహిత కిరణాల్లో ఒక చిన్న ముక్క మాత్రమే ఈ జబ్బుకు పనికొస్తుంది. నేల మీదికి దిగే అతినీలలోహితంలో దాదాపు అంతా పొడుగు అలల రకం, యూవీ-ఏ. పొట్టి అలల రకం యూవీ-బీ నూటికి ఐదు పాళ్లు ఉంటే ఎక్కువ. ఆ ఐదులోనూ అన్నీ మంచివి కావు. 1981లో అమెరికాలో పారిష్, యేనికే అనే ఇద్దరు పరిశోధకులు సోరియాసిస్ మచ్చల మీద ఒక్కో కిరణాన్ని విడగొట్టి వేసి చూశారు. అల పొడవు 290 నానోమీటర్లు ఉన్నవి, అంతకంటే పొట్టివి చర్మాన్ని ఎర్రగా కాల్చాయే తప్ప మచ్చను కదిలించలేదు. 300 నుంచి 313 మధ్యవి మచ్చను కరిగించాయి. ఆ తర్వాత ఫిలిప్స్ కంపెనీ టీఎల్-01 అని ఒక ట్యూబు తీసింది. దాని బలమంతా 311 దగ్గరే ఉంటుంది. నారోబ్యాండ్ యూవీ-బీ అని డాక్టర్లు రాసేది దాన్నే. ఆ కిరణాలు చర్మం పైపొరల్లోనే ఆగి, అక్కడ గుమిగూడి గొడవ చేస్తున్న టి-కణాలను చంపేస్తాయి. చర్మ కణాల పరుగునూ తగ్గిస్తాయి.

ఎండ అసలు పనికిరాదని కాదు. చాలామందికి ఎండాకాలంలో తగ్గుతుంది, చలికాలంలో ఎక్కువవుతుంది. నాకూ అంతే. చిక్కంతా కొలతలో ఉంది. ఇవాళ మబ్బు, రేపు దుమ్ము, పొద్దున ఏడుకు ఒక బలం, మధ్యాహ్నానికి ఇంకో బలం. యూవీ-బీ బాగా దొరికేది నడినెత్తి మీద సూర్యుడున్నప్పుడు. మా ఊర్లో ఆ టైముకు చొక్కా విప్పి మిద్దె మీద నిలబడితే సోరియాసిస్ సంగతి దేవుడెరుగు, వడదెబ్బతో ఆస్పత్రిలో పడతాం.

పైగా ఈ జబ్బుకు ఒక దుర్గుణం ఉంది. చర్మానికి ఎక్కడ దెబ్బ తగిలితే, ఎక్కడ రాపిడి అయితే, ఎక్కడ కాలితే, సరిగ్గా అక్కడే కొత్త మచ్చ లేస్తుంది. కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు దీన్ని పందొమ్మిదో శతాబ్దంలోనే గమనించి రాశాడు. డాక్టరమ్మ ఇది చెప్తున్నప్పుడు నేను చొక్కా గుండీలు విప్పి ఎడమ భుజం చూపించా. క్యాష్ బ్యాగు పట్టీ పడే చోట, పట్టీ వెడల్పు ఎంతో అంతే వెడల్పున, భుజం మీంచి ఛాతీ దాకా ఏటవాలుగా ఒక ఎర్ర చార. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఆమె తన స్టూడెంట్లను పిలిచి మరీ చూపించింది. ఎండకు చర్మం కమిలితే ఒళ్లంతా ఆ చారలాగే అవుతుందన్నమాట. అప్పటినుంచి బ్యాగు నడుముకు కట్టుకుంటున్నా.

ఇక మా అమ్మది వేరే మాట. "మహానంది కోనేట్లో మూడు మునకలెయ్యి, అన్నీ పోతాయి" అంటుంది. డాక్టరమ్మను అడిగితే నవ్వి, "మునగండి, మంచిదే. బయటికొచ్చి తుడుచుకున్న వెంటనే కొబ్బరినూనె రాసుకోండి, చర్మం ఎండిపోకుండా" అంది. నీళ్లతో, ఎండతో ఈ జబ్బుకు వైద్యం చేసే చోటు నిజంగానే ఒకటుంది, మృత సముద్రం. ఇజ్రాయెల్ వైపు, జోర్డాన్ వైపు రోగులు వారాల తరబడి ఉండిపోతారు. ఆ తీరం సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్లకు పైగా లోతులో ఉంటుంది. అంత అదనపు గాలి పొర గుండా రావడంతో కాల్చే పొట్టి కిరణాలు బాగా తగ్గిపోతాయి, కాబట్టి అక్కడ ఎక్కువ సేపు ఎండలో ఉన్నా తట్టుకుంటారు. ప్రకృతి అక్కడ చేసే వడపోతనే ఇక్కడ ట్యూబు చేస్తోంది. జోర్డాన్ పోవడానికి నాకు లీవు దొరకదు, కల్లూరు క్లినిక్ దాకా అయితే పోగలను.

పెట్టె గురించి చెప్తా, అందరూ అడిగేది అదే. మనిషి ఎత్తుకు మించిన బీరువా లాంటిది. తలుపు లోపలి వైపున, చుట్టూ గోడలకు ఆరడుగుల ట్యూబులు నిలువుగా ఉంటాయి. పైన ఒక ఫ్యాను. లోపలికి పోయేముందు నల్ల కళ్లద్దాలు పెడతారు. మర్మాంగాలు తప్పనిసరిగా కప్పుకోవాలి. ముఖం మీద మచ్చల్లేకపోతే ముఖానికీ గుడ్డ. నిలబడి, చేతులు కొంచెం ఎడంగా పెట్టుకోవాలి, చంకల్లో, పక్కల్లో కూడా పడేటట్టు. స్విచ్చి వేయగానే నీలి రంగు వెలుగు. నొప్పి ఉండదు, మంట ఉండదు, పెద్ద వేడి కూడా ఉండదు. మొదటిసారి ఇంకా ఏదో అవుతుందని ఎదురుచూస్తుంటేనే టక్కున ఆరిపోయింది. ఒక నిమిషం కూడా కాలేదు. "ఇంతేనా?" అంటే, "ఇంతే సార్, ఎల్లుండి రండి" అన్నాడు టెక్నీషియన్.

ఎందుకంత తక్కువంటే, చర్మం రంగును బట్టి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ప్రతిసారీ పది, ఇరవై శాతం చొప్పున పెంచుకుంటూ పోతారు. ముందటిసారి ఒళ్లు ఎర్రబడిందా లేదా అని అడిగి, దాన్నిబట్టి పెంచడమా, ఆపడమా చూస్తారు. యూవీ-బీ వల్ల వచ్చే ఎరుపు వెంటనే తెలియదు, అదే రాత్రో, మర్నాడు పొద్దున్నో బయటపడుతుంది. అందుకే వరుస రోజుల్లో ఇయ్యరు. సోమ, బుధ, శుక్ర. మామూలుగా ఇరవై నుంచి ముప్పై దాకా సెషన్లు పడతాయి.

ఈ మూడు రోజుల లెక్కే నా ప్రాణం తీసింది. వెలుగు కంటే డ్యూటీ ఛార్టు పెద్ద సమస్య. గురువారమైతే మంత్రాలయం రాఘవేంద్రస్వామి దర్శనానికి బస్సు కిటకిటలాడుతుంది, ఆ రోజు సెలవు అడిగే ధైర్యం ఎవరికీ లేదు, కాబట్టి మంగళ, గురు, శని కుదరదు. సోమ, బుధ, శుక్ర పొద్దున మొదటి ట్రిప్పు పోయి మధ్యాహ్నానికి దిగేటట్టు తోటి కండక్టర్లతో మార్చుకున్నా. ఒకాయనకు బదులుగా ఆదివారాలు చేసినా, ఇంకొకాయనకు ఊరి జాతర వారమంతా. మధ్యలో ఒక వారం తప్పిపోతే పాత మోతాదుతో మొదలుపెట్టరు, తగ్గించి మళ్లీ ఎక్కిస్తారు. ఇంకా ఎక్కువ రోజులు తప్పిపోతే మొదటికొస్తుంది. ఒకసారి నాకు అట్లే అయింది, పెళ్లిళ్ల సీజన్ స్పెషల్ బస్సుల్లో. ఈ వైద్యం సగంలో మానేసేవాళ్లు ఎక్కువని టెక్నీషియన్ చెప్తే ఆశ్చర్యం వేయలేదు. పల్లెల నుంచి వచ్చే కూలి మనిషికి మూడు రోజుల కూలి పోతుంది కదా, వెలుగు ఒక్క నిమిషమే అయినా.

చిన్న చిన్న నియమాలు కొన్ని ఉన్నాయి. ఎవరూ ముందుగా చెప్పరు గానీ ఇవే ముఖ్యం. ప్రతిసారీ ఒకే కొలత డ్రాయరు వేసుకోవాలి. ఇవాళ పొడుగుది, ఎల్లుండి పొట్టిది వేసుకుంటే, అంతవరకు వెలుగు చూడని తొడ చర్మం మీద ఒకేసారి పెద్ద మోతాదు పడి కాలుతుంది. పోయేముందు సాలిసిలిక్ యాసిడ్ కలిసిన పూత పెట్టుకోకూడదు, అది కిరణాలను ఆపేస్తుంది. పొట్టు బాగా మందంగా ఉంటే పలుచగా నూనె లాంటిది రాస్తే వెలుగు లోపలికి దిగుతుంది, అయితే ఏది, ఎంత అనేది వాళ్లనే అడగాలి. ఆ రోజు మిగతా పొద్దంతా ఎండ తగలకుండా చూసుకోవాలి. నేను ఫుల్ చేతుల ఖాకీ వేసుకుని, సూర్యుడు లేని వైపు నిలబడి టికెట్లు కొట్టేవాణ్ణి. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు ఎవరైనా రాసిస్తే వెలుగు సంగతి చెప్పాలి, అవి చర్మాన్ని సున్నితం చేస్తాయి.

ఒకే కొలత అన్న ఈ నియమం దగ్గరే మా ఇంట్లో పెద్ద రగడ జరిగింది. నా జబ్బు తగ్గాలని మా అమ్మ తిరుమలకు మొక్కుకుంది, నా తలనీలాలు ఇస్తానని. చికిత్స సగంలో ఉండగా టికెట్లు దొరికాయి. గుండు చేయించుకుంటే ఇంతకాలం జుట్టు కింద దాగున్న నెత్తికి, మెడకు ఒక్కసారిగా అంత మోతాదు పడుతుంది. అది టోపీతో కప్పుకోవచ్చు. అసలు భయం కత్తిది. నెత్తి మీద మచ్చలున్నచోట కత్తి గాటు పడితే అక్కడే ఇంకా ఎక్కువగా లేస్తుందని డాక్టరమ్మ వద్దంది.

"నీ రోగం పోవల్లనే కదరా మొక్కినా! రోగం ఉందని మొక్కు ఆపుతారా ఎవురన్నా?" అని అమ్మ.

"మొక్కితే రోగం పోవల్ల గానీ పెరగల్లనా అత్తా?" అని నా భార్య.

చివరికి మధ్యవర్తిగా మా చిన్నాయన కూర్చుని, ఇప్పటికి మూడు కత్తెర్లు ఇచ్చేది, నెత్తి మీద మచ్చలు మానినాక పూర్తి గుండు ఇచ్చేది అని తీర్పు చెప్పాడు. కల్యాణకట్టలో కూర్చుని మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చా. అమ్మ తిరుపతి దిగేదాకా మాట్లాడలేదు. జుట్టున్నచోట పెట్టె వెలుగు దిగదు కాబట్టి నెత్తికి లోషన్ వైద్యం వేరేగా నడిచింది, దానికి ఇంకా చాలా కాలం పట్టింది.

బామ్మర్ది కూడా ఊరికే నవ్వి ఊరుకోలేదు, ఒక పొడి తెచ్చాడు. పొట్లం మీద పేరు లేదు, లోపల ఏముందో రాయలేదు. "వారంలో నున్నగైపోతాది" అన్నాడు. వారంలో నున్నగా చేసే పేరులేని పొడి అంటేనే నాకు అనుమానం. స్టెరాయిడ్ కలిపితే అట్లే అవుతుంది. అది వాడి ఆపేస్తే సోరియాసిస్ ఒళ్లంతా చీముపొక్కులుగా, ఒళ్లంతా ఎర్రగా తిరగబడి ఆస్పత్రిలో చేరే పరిస్థితి వస్తుంది. పొట్లం తీసుకుని అటక మీద పెట్టా. ఆయన ఇంకా నేను వాడుతున్నాననే అనుకుంటున్నాడు, ఇది చదివితే తప్ప.

అట్లని నాటువైద్యం అంతా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. బొల్లికి బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టే పద్ధతి మన దేశంలో చాలా పాతది. ఆ గింజల్లో ఉండే సోరాలెన్ లాంటిదే మాత్రగా ఇచ్చి, యూవీ-ఏ వెలుగులో నిలబెట్టే పువా అనే చికిత్స 1974 నుంచి సోరియాసిస్‌కు వాడుతున్నారు. బాగా పనిచేస్తుంది కూడా. అయితే మాత్ర వేసుకున్న రోజంతా కళ్లూ ఒళ్లూ ఎండకు ఓర్వవు, లోపల కూడా నల్లద్దాలు పెట్టుకుని ఉండాలి. ఏళ్ల తరబడి ఎక్కువసార్లు తీసుకుంటే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని కూడా తేలింది. బస్సులో కిటికీ పక్కన బతికేవానికి అది కుదిరే పని కాదని నాకు నారోబ్యాండే రాశారు.

పత్యం గురించి ఒక్క మాట. వంకాయ, గోంగూర, చేపలు మానమని ఊరంతా చెప్పింది. డాక్టరమ్మ చెప్పింది మందు, సిగరెట్టు మానమని, పొట్ట తగ్గించమని. వంకాయ తింటూనే ఉన్నా.

నెల దాటేసరికి వీపు మీద పొట్టు రాలడం ఆగింది. మచ్చ ఒకేసారి మాయం కాదు. ముందు పొట్టు పోతుంది, తర్వాత మందం తగ్గుతుంది, ఎరుపు చివరికి పోతుంది. మానినచోట కొన్నాళ్లు గోధుమరంగు నీడ ఉంటుంది. మిగతా ఒళ్లంతా నల్లబడింది, డిపోలో "ఏం సామీ, గోవా పోయొచ్చినావా" అని ఒకటే ఎగతాళి. దురద తగ్గి రాత్రి నిద్ర పట్టడం మొదలైంది. నా వరకు అదే పెద్ద లాభం. మోకాళ్ల కింద మాత్రం బాగా ఆలస్యం. కాళ్లు ఎప్పుడూ చివరికే మానుతాయట, పైగా ట్యూబు అంచుల దగ్గర వెలుగు బలం తక్కువ. తర్వాత తర్వాత చిన్న పీట మీద నిలబెట్టేవాళ్లు.

చర్మం దారిలో పడిందనుకుంటుంటే వేళ్లు మొదలుపెట్టాయి.

పొద్దున డ్యూటీకి పోయి టికెట్లు కొట్టే టిమ్ మిషన్ పట్టుకుంటే కుడి చూపుడు వేలు వంగేది కాదు. గంటసేపటికి వదులయ్యేది. మధ్యవేలు మొదలు నుంచి కొస దాకా మొత్తం ఉబ్బింది, ఒక్క కణుపు కాదు. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో పోటు. రోజంతా బస్సులో నిలబడేవాణ్ణి కదా, అందుకేలే అనుకుంటూ ఉంటే, టెక్నీషియనే నా నడక చూసి డాక్టరమ్మకు చెప్పాడు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో నూటికి ముప్పై మంది దాకా కీళ్లకు కూడా పాకుతుంది. సోరియాటిక్ ఆర్థరైటిస్. ఆ పెట్టెలోని వెలుగు చర్మం దాటి కిందికి పోదు, కీళ్లకు దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. కీళ్ల డాక్టరు మాత్రలు రాశాడు, నెలనెలా రక్తపరీక్ష కూడా. నెల దాటేసరికే వీపు మీద పొట్టు ఆగిందని చెప్పా కదా, మాత్రలు మొదలైంది ఆ తర్వాతే. కాబట్టి ఆ గొప్ప వెలుగుదే.

కీళ్ల డాక్టరే ఫిజియోథెరపీకి పంపాడు. నేను అనుకున్నది నూనె పెట్టి మర్దన చేస్తారని. ఆ అమ్మాయి ముట్టుకోకముందే చెప్పింది, "సార్, మచ్చలున్న చోట రుద్దేది లేదు. ఇంట్లో ఎవరన్నా జండూబామ్ పెట్టి రుద్దినా వద్దనండి." కోబ్నర్ మళ్లీ వచ్చాడు. కరెంటు ప్యాడ్లు, అంటించే టేపులు కూడా మచ్చల మీద వేయదు, పీకేటప్పుడు చర్మం లేస్తుందని. చాలామంది ఫిజియోల దగ్గర ఈ జాగ్రత్త ఉంటుందో లేదో తెలియదు కాబట్టి, పోయిన రోజే మనమే సోరియాసిస్ అని చెప్పడం మంచిది. దాచుకుంటే నష్టం మనకే.

మొదట పిడికిలి బిగించమంది. మధ్యవేలు కొసకూ అరచేతికీ మధ్య ప్లాస్టిక్ స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లు తేడా ఉందో రాసుకుంది. ప్రతివారం అదే కొలత. నొప్పి తగ్గిందా అంటే మనం నోటికొచ్చింది చెప్తాం, స్కేలు అబద్ధం చెప్పదు.

వాపు ఎర్రగా, వేడిగా ఉన్నన్నాళ్లు వేడి చికిత్స ఏదీ చేయలేదు. మెల్లగా వేళ్లు కదిలించడం అంతే. వాపు దిగి, కణుపుల మీద పగుళ్లు మానినాకనే మైనం. పారఫిన్ మైనం యాభై డిగ్రీల పైచిలుకు వేడిలో కరిగి ఉంటుంది. చెయ్యి ముంచి, తీసి, ఆరనిచ్చి, మళ్లీ ముంచి, అట్లా పొర మీద పొర. పైన ప్లాస్టిక్ కవరు, దానిమీద టవలు. గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్లలా రెండు చేతులూ ముందుకు చాపి పావుగంట కూర్చోవాలి, ముక్కు దురద పెట్టినా దిక్కులేదు. తీసినాక వేళ్లు ఐదు నిమిషాలు మెత్తగా ఉంటాయి, ఆ ఐదు నిమిషాల్లోనే వ్యాయామం చేయించేది. పిడికిలి, కొక్కెం, బొటనవేలితో ఒక్కో వేలినీ తాకడం, రబ్బరు బ్యాండు వేసి వేళ్లు విప్పడం. పగిలిన చర్మం ఉంటే మాత్రం మైనం పెట్టకూడదు. ఇంట్లో అయితే గోరువెచ్చని నీళ్ల గిన్నె చాలంది.

మడమకు మెత్తటి ప్యాడ్ ఒకటి బూటులో. ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో బండల మీద నడవొద్దంది. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్క సాగదీయడం, రోజుకు కొన్నిసార్లు. నాకు గోడ ఎక్కడ దొరుకుతుంది? ఎమ్మిగనూరు బస్టాండులో బండి ఆగినప్పుడు బస్సు వెనకాల నిలబడి, రెండు చేతులూ బస్సుకు ఆనించి చేస్తున్నా. మొదటి రోజే ఒక పెద్దాయన మూట కింద పెట్టి వచ్చి, "స్టార్టింగ్ ట్రబులా అప్పా? తోయల్లనా?" అని పంచె ఎగ్గట్టి సిద్ధమైనాడు. ఇంకో ఇద్దరు కుర్రోళ్లు కూడా చెయ్యేశారు. వాళ్లకు నచ్చజెప్పేసరికి బస్సు టైమైంది.

ఇప్పుడు పిడికిలి పూర్తిగా మూసుకుంటుంది, పొద్దున పట్టు పది నిమిషాలకే వదులుతుంది. వెలుగు కోర్సు ఆపేశారు. మచ్చలు మానినాక ఊరికే కొనసాగించరు, మళ్లీ వస్తే అప్పుడు చూస్తారు. వస్తుందని ముందే చెప్పారు, కొందరికి నెలలు, కొందరికి ఏడాది దాకా ఆగుతుంది. నాకు మొన్న కార్తీకం చలికి ఎడమ కాలి పిక్క మీద రెండు మచ్చలు తిరిగి లేచాయి. వాటికి ఆయింట్‌మెంట్ చాలని ఇంతవరకు పెట్టె జోలికి పోలేదు.

మా డిపోలో ఒక డ్రైవరు ఇప్పుడు వెలుగు మొదలుపెట్టాలని చూస్తున్నాడు. ఆయనకు అరచేతుల్లో ఉంది, స్టీరింగు పట్టి పట్టి పగుళ్లు. అరచేతి చర్మం మందం కాబట్టి ఎక్కువ కాలం పడుతుంది. దానికి నిలువు పెట్టె అక్కర్లేదు, చేతులు మాత్రమే పెట్టే చిన్న మిషన్ వేరే ఉంటుంది. ఆయన చిక్కల్లా బెంగళూరు నైట్ సర్వీసు, వారానికి మూడు రోజులు ఊర్లో పగలు ఉండడమే కుదరదు. డాక్టరు చీటీ జతచేసి కంట్రోలర్ సారుకు అర్జీ రాయమన్నా. వచ్చే నెల ఛార్టు వేయకముందే ఇయ్యాలి. రేపు మధ్యాహ్నం డ్యూటీ దిగినాక ఇద్దరం కూర్చుని రాస్తాం.